కుజుడికీ గురుడికీ మధ్య రికార్డుల రాళ్లు

సూర్యుడికి సుమారు 31 కోట్ల నుంచి 49 కోట్ల కిలోమీటర్ల దూరం. కుజుడికీ గురుడికీ నడుమ లక్షలాది రాళ్లు నిర్విరామంగా తిరుగుతున్నాయి. కిలోమీటరు దాటినవే పది లక్షలకు పైగా ఉంటాయని అంచనా. అన్నిటినీ పోగేసి ఒకే ముద్ద చేస్తే తూకంలో మన చందమామలో నూటికి 3 వంతులే! ఆ కాస్త సరుకులోనే ఎవరెస్టును చిన్నబుచ్చే శిఖరం ఉంది. బొగ్గుకన్నా నల్లనిది ఉంది. రెండు నిమిషాలు తిరక్కుండానే రోజు ముగిసేది ఉంది. ఆరు తోకలది ఉంది. ప్రధాన గ్రహశకల మేఖలలో ఎవరికి ఏ కిరీటమో చూడండి.

అతి పెద్దది: సీరీస్

అడ్డుకొలత దాదాపు 940 కిలోమీటర్లు. మేఖల మొత్తం బరువులో మూడో వంతుకు పైగా దీనిదొక్కదానిదే. ఉపరితలం సుమారు 27.7 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశం కంటే కాస్త తక్కువ. రోజు 9 గంటల 4 నిమిషాలు, ఏడాది మన లెక్కలో 4.6 ఏళ్లు, పరుగు సెకనుకు దాదాపు 18 కిలోమీటర్లు. ఇక్కడ 70 కిలోలు తూగే మనిషి అక్కడ 2 కిలోలే. ఇక్కడ అర మీటరు ఎగిరేవాడు అక్కడ 17 మీటర్లు ఎగురుతాడు! 2006 నుంచి దీనికి మరుగుజ్జు గ్రహం హోదా కూడా ఉంది.

అందరికన్నా ముందు దొరికింది

ఆ ఘనతా సీరీస్‌దే. 1801 జనవరి 1 రాత్రి సిసిలీ దీవిలోని పాలెర్మోలో జుసెప్పె పియాజీ కంట పడింది. ఫిబ్రవరి 11 దాకా 24 సార్లు చూశాడో లేదో, సూర్యుడి వెలుగులో కలిసి మాయమైంది. అప్పుడు రంగంలోకి దిగింది 24 ఏళ్ల గణితవేత్త కార్ల్ గౌస్. ఆ కొద్దిపాటి అంకెలతోనే కక్ష్య గుణించి, ఎక్కడ వెతకాలో చెప్పాడు. డిసెంబరు 31న ఆయన చెప్పిన చోటుకు దగ్గర్లోనే చిక్కింది!

అతి కాంతిమంతం: వెస్టా

వ్యాసం 525 కిలోమీటర్లు. పెద్దరికంలో సీరీస్ తర్వాతే, మెరుపులో మాత్రం సీరీస్ దీని ముందు నిలవదు. పడిన వెలుగులో సీరీస్ వెనక్కి పంపేది నూటికి 9 వంతులు, వెస్టా పంపేది 40కి పైగా. ప్రధాన మేఖలలో మామూలు కంటికి ఆనేది ఇదొక్కటే, అదీ చీకటి గట్టిగా ఉన్న చోట, భూమికి దగ్గరైనప్పుడు. 1807 మార్చి 29న హైన్రిక్ ఓల్బర్స్ కనుక్కున్నాడు. రోజు 5 గంటల 20 నిమిషాలే కాబట్టి వెస్టా ఏడాదిలో దాదాపు 5,950 రోజులు!

అతి పెద్ద గొయ్యి, అతి ఎత్తయిన శిఖరం

రెండూ వెస్టా దక్షిణ ధ్రువం దగ్గరే. రియాసిల్వియా బిలం వెడల్పు 505 కిలోమీటర్లు. గొయ్యి ఉన్న లోకం వ్యాసమే 525! బిలం నడిమధ్యన సుమారు 22 కిలోమీటర్ల శిఖరం. మన ఎవరెస్టు 8.85 కిలోమీటర్లు. నిలువెత్తు తాటిచెట్లు వెయ్యింటిని ఒకదానిపై ఒకటి నిలబెడితే గాని ఆ కొస అందదు. కుజుడి మీది ఒలింపస్ మాన్స్‌తో పోటీపడే ఈ పర్వతం కుజుడి వ్యాసంలో సుమారు పదమూడో వంతే ఉన్న రాతి మీద ఉంది.

అతి పొడవైన అగాధాల్లో ఒకటి

అదీ వెస్టాదే. నడికట్టు పొడవునా పడ్డ పగుళ్లలో డివాలియా ఫోసా పెద్దది. 465 కిలోమీటర్ల పొడవు, 22 కిలోమీటర్ల వెడల్పు, 5 కిలోమీటర్ల లోతు. అమెరికా గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు రెండు కిలోమీటర్ల లోపు. గ్రాండ్ కాన్యన్‌ను నది లక్షల ఏళ్లు కోసింది. వెస్టాను చీల్చింది దక్షిణాన తగిలిన దెబ్బ.

భూమికి ఎక్కువ నమూనాలు పంపిన వాటిలో ఒకటి

మళ్లీ వెస్టానే! భూమ్మీద రాలిన ఉల్కాశిలల్లో ప్రతి వందకు సుమారు ఆరు దీని ముక్కలేనని శాస్త్రజ్ఞుల నిర్ధారణ. 1850లో బెంగాల్‌లోని శాల్కలో రాలింది ఈ వంశపుదే. చందమామ నుంచి మనిషి వెళ్లి రాళ్లు తెచ్చాడు. వెస్టా రాళ్లు తమంతట తామే నడిచొచ్చాయి.

అతి వాలు కక్ష్య: పాలస్

పెద్ద గ్రహశకలాల్లో తలబిరుసు ఇదే. మిగతావి దాదాపు ఒకే పళ్లెంలో తిరుగుతుంటే పాలస్ 34.8 డిగ్రీలు వాలి అడ్డంగా దూసుకుపోతుంది. గ్రహాల్లో అందరికన్నా వాలిన బుధుడిది 7 డిగ్రీలే. సూర్యుడికి దగ్గరైనప్పుడు 32 కోట్ల కిలోమీటర్లు, దూరమైనప్పుడు 51 కోట్లు. దారిలో దెబ్బలు తిని ఒళ్లంతా గుంటలు పడింది. వ్యాసం 510 కిలోమీటర్ల పైచిలుకు. 1802లో ఇదీ ఓల్బర్స్‌కే చిక్కింది. ఆ ఏడే దొరికిన లోహానికి దీని పేరే పెట్టారు. అదే పల్లాడియం.

అతి గుండ్రని రాయి: హైజియా

సీరీస్‌ను పక్కనబెడితే గుండ్రదనంలో దీనికి ఎదురులేదు. వ్యాసం సుమారు 430 కిలోమీటర్లు. 1849లో నేపుల్స్‌లో అన్నిబాలె డి గాస్పరిస్ కనుక్కున్నా, అసలు రూపం తెలిసింది 170 ఏళ్ల తర్వాత, 2019లో, చిలీలోని పెను టెలిస్కోపుతో. 200 కోట్ల ఏళ్ల కిందట పెద్ద దెబ్బకు పూర్తిగా చితికి, మళ్లీ ముద్దకట్టి గుండ్రమైందట. ఆ దెబ్బకు చెదిరిన ముక్కలు దాదాపు 7,000 ఇప్పటికీ ఒక కుటుంబంగా తిరుగుతున్నాయి. మరుగుజ్జు గ్రహం హోదా దక్కితే అన్నిటికన్నా పొట్టిది ఇదే అవుతుంది.

అతి పెద్ద లోహపు దిమ్మె: సైకీ

సగటు వ్యాసం దాదాపు 222 కిలోమీటర్లు, పొడవు 280కి కాస్త తక్కువ. మామూలు రాళ్ల గుంపులో ఇనుము, నికెల్ దండిగా ఉన్నది. ఘన సెంటీమీటరుకు దాదాపు 4 గ్రాములు తూగుతుంది. స్వచ్ఛమైన ఇనుమైతే 7.8 తూగాలి. అందుకే ఇది వట్టి లోహం కాదనీ, రాయీ లోహం కలగలిసిందనీ ఇప్పటి అంచనా. తేల్చడానికి నాసా నౌక 2023 అక్టోబరు 13న బయల్దేరింది. దారి సుమారు 350 కోట్ల కిలోమీటర్లు, చేరేది 2029 ఆగస్టులో.

అతి నల్లని వాటిలో మేటి: మటిల్డా

పడిన వెలుగులో తిప్పిపంపేది నూటికి 4 వంతులే. బొగ్గుకన్నా నలుపు! 1997 జూన్ 27న నియర్ నౌక పక్కనుంచి వెళుతూ ఫొటోలు తీసింది. వ్యాసం 53 కిలోమీటర్లు, మీద ఒక గొయ్యి 33 కిలోమీటర్లు. అంత దెబ్బ తిన్నా చెక్కుచెదరకపోవడానికి కారణం లోపల సగం బోలుగా ఉండటమే. తాకిడి జోరును ఖాళీలు మింగేశాయి. దీని బిలాలకు ప్రపంచంలోని బొగ్గు క్షేత్రాల పేర్లు పెట్టారు. అందులో మన దామోదర్ కూడా ఉంది.

అతి మందకొడి: గ్లాకే

30 కిలోమీటర్ల పైచిలుకు రాయి. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి దాదాపు 49 రోజులు! సూర్యుణ్ని చుట్టి వచ్చే నాలుగున్నరేళ్లలో దానికి గడిచేది 34 రోజులే. వెస్టాకు 5,950 అని గుర్తుంచుకోండి. నత్తనడకకు చాలాకాలం దీన్నే పేరుగా చెప్పుకున్నారు. ఈమధ్య అంతకన్నా మందకొడివీ దొరికాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడు కదా!

అతి చురుకైనది: 2025 ఎంఎన్45

చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ పట్టుకున్న ఘటం. వెడల్పు సుమారు 710 మీటర్లు, ఒక చుట్టుకు పట్టేది 1.88 నిమిషాలు. మనకు ఒక రోజు గడిచేలోగా దానికి 766 రోజులు! నడికట్టు మీద నిలబడితే గంటకు 70 కిలోమీటర్ల వేగంతో గిర్రున తిరుగుతాం. 500 మీటర్లు దాటిన వాటిలో ఇంత వేగం మరొకదానికి లేదు. వదులుగా పేరుకున్న రాళ్లకుప్ప అయితే 2.2 గంటలకన్నా వేగంగా తిరిగితే చెదిరిపోతుంది. ఇది చెదరలేదంటే ఏకశిలే అయి ఉండాలి.

అతి వింత ఆకారం: క్లియోపాట్రా

రెండు చివర్లూ ఉబ్బి నడుము సన్నబడిన ఎముక ఆకారం. పొడవు 270 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా పరిచినట్టే! ఇంత పొడవూ 5 గంటల 23 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఊపుకు అంచుల మీది రాళ్లు లేచిపోయే స్థితిలో ఉన్నాయని లెక్కలు చెబుతున్నాయి. 2008లో దొరికిన దీని రెండు చందమామలు అలా లేచిన ముక్కలతోనే ఏర్పడి ఉండొచ్చు.

అచ్చు కవలలు: ఆంటియోపె

ఒక్కటేనని అందరూ అనుకున్నారు. 2000లో హవాయిలోని కెక్ టెలిస్కోపు చూస్తే రెండు! ఒక్కోటి 85 కిలోమీటర్ల పైమాటే, నడుమ ఎడం 170 కిలోమీటర్లు. పెద్దా చిన్నా తేడా లేకుండా 16 గంటల 30 నిమిషాలకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మన భూమికి చందమామ బరువులో 81వ వంతు. ఇక్కడ ఇద్దరూ దాదాపు సరిసమానం.

తొలి చందమామ: డాక్టిల్

రాయికి కూడా చందమామ ఉంటుందని రుజువు చేసింది ఇదే. 1993 ఆగస్టు 28న గెలీలియో నౌక ఇడా పక్కనుంచి వెళ్లింది. ఫొటోలు నిదానంగా భూమికి చేరాయి. 1994 ఫిబ్రవరిలో వాటిలో ఒక చుక్క బయటపడింది. 60 కిలోమీటర్ల ఇడా పక్కన 1.4 కిలోమీటర్ల డాక్టిల్! ఇడాను చూడటానికి దాదాపు రెండేళ్ల ముందు, 1991 అక్టోబరు 29న గాస్ప్రాను దగ్గర్నుంచి చూసి, గ్రహశకలాన్ని పలకరించిన తొలి నౌకగా రికార్డు కొట్టిందీ గెలీలియోనే.

చందమామలు ఎక్కువున్నది: ఎలెక్ట్రా

ఒకటి 2003లో, రెండోది 2014లో. మూడోదాన్ని 2022లో ప్రకటించారు, అదీ 2014 నాటి పాత ఫొటోలను మళ్లీ జల్లెడపట్టి. ఎలెక్ట్రా వ్యాసం దాదాపు 200 కిలోమీటర్లు. తల్లితో కలిపి నలుగురున్న తొలి కుటుంబం ఇదే. భూమి అంతటి భూమికి ఒకటే చందమామ, 200 కిలోమీటర్ల రాతికి మూడు!

మనం దగ్గరికెళ్లి చూసిన అతి చిన్నది: డింకినేష్

2023 నవంబరు 1న లూసీ నౌక దీన్ని 430 కిలోమీటర్ల దూరం నుంచి చూసింది. వెడల్పైన చోట 790 మీటర్లు. దుబాయ్ బుర్జ్ ఖలీఫా పక్కన నిలబెడితే 38 మీటర్లు పొట్టి. అయినా దీనికీ ఒక చందమామ, పేరు సెలామ్. అదీ మామూలుది కాదు, రెండు రాళ్లు అతుక్కున్న జంట. ఒకటి సుమారు 210 మీటర్లు, ఇంకోటి 230. ఒక గ్రహశకలం చుట్టూ అతుకుల చందమామ తిరగడం చూసింది అదే మొదటిసారి.

కంటికందిన అతి చిన్నవి

2024 డిసెంబరులో వెల్లడైన లెక్క: జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోల్లో 138 కొత్త గ్రహశకలాలు. వాటిలో కొన్ని 10 మీటర్లే! ఆ ఫొటోలు తీసింది వీటికోసం కాదు, ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రంకోసం. సూర్యుడి వేడికి ఈ రాళ్లు వెదజల్లే పరారుణ కాంతిని పట్టుకునే కన్ను వెబ్‌ది. 940 కిలోమీటర్ల సీరీస్‌తో మొదలైన జాబితా 10 మీటర్ల దాకా దిగింది. తేడా 94,000 రెట్లు.

ఎక్కువ తోకలున్నది: 311పి

రాయికి తోకేమిటంటారా? ఒకటి కాదు, ఆరు! 2013 సెప్టెంబరులో హబుల్ కంటపడింది. అర కిలోమీటరు కూడా లేని రాయి, ఆరు వైపులా దుమ్ము చిమ్ముతోంది. 13 రోజుల తర్వాత చూస్తే తోకల దిక్కులే మారిపోయాయి. ఎండ తోపుడుకు తిరుగుడు వేగం పెరిగి, ఒంటిమీది దుమ్ము విడతలుగా రాలిందని వివరణ. పిట్ట కొంచెం, కూత ఘనం.

అతి తడి రాయి

మళ్లీ సీరీసే. బరువులో పావు వంతు దాకా నీరు, మంచు ఉండొచ్చని అంచనా. 2014లో హెర్షెల్ టెలిస్కోపు సెకనుకు 6 కిలోల చొప్పున ఆవిరి లేస్తోందని పసిగట్టింది. 92 కిలోమీటర్ల ఆక్కేటర్ బిలంలో తెల్లగా మెరిసే మచ్చలు సోడియం కార్బనేట్. లోపలి ఉప్పునీరు పైకి ఉబికి ఆరిపోగా మిగిలింది. 4 కిలోమీటర్ల అహునా మాన్స్ అయితే లావాకు బదులు ఉప్పు మంచు ఎగదన్ని లేచిన కొండ.

తాజా తాకిడి: షీలా

2010 డిసెంబరులో 110 కిలోమీటర్ల పైచిలుకు షీలా ఉన్నట్టుండి ప్రకాశించింది. చుట్టూ దుమ్ము లేచింది. లెక్కగడితే గుద్దింది 35 మీటర్ల రాయి, వేగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు. గుద్దింది ఆవగింజంతే, దుమ్ము మాత్రం వేల కిలోమీటర్లు పాకింది. కోట్ల ఏళ్లనాటి మచ్చలనే చూస్తూ వచ్చిన శాస్త్రజ్ఞులకు కొద్ది రోజులకే దొరికిన గాయం ఇది.

పసి కుటుంబాలు

ఒక రాయి పగిలితే ముక్కలన్నీ దాదాపు ఒకే దారిన పోతాయి. ఆ దారులను వెనక్కి తిప్పి లెక్కిస్తే పుట్టినతేదీ దొరుకుతుంది. కరీన్ కుటుంబం వయసు 58 లక్షల ఏళ్లు. దతురా కుటుంబం ఇంకా పసిది, సుమారు 5 లక్షల ఏళ్లే. మేఖల వయసు 450 కోట్ల ఏళ్లని మరవకండి. భూమ్మీద రాలే ఉల్కాశిలల్లో నూటికి 70 వంతులు కరీన్, కొరోనిస్, మస్సాలియా కుటుంబాల నుంచే వస్తున్నాయని 2024లో తేలింది.

అతి పేరున్న ఖాళీలు

మేఖలలో కొన్ని దూరాల్లో రాళ్లు దాదాపు ఉండవు. 1866లో డేనియల్ కిర్క్‌వుడ్ గుర్తించాడు. ఉదాహరణకు సూర్యుడికి 37 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడున్న రాయి మూడు చుట్లు తిరిగేసరికి గురుడు సరిగ్గా ఒక చుట్టు. ప్రతిసారీ అదే చోట గురుడి లాగుడు. చివరికి రాయి దారితప్పి బయటపడుతుంది. ఇక్కడ ఒక గ్రహం ఏర్పడకుండా చెదరగొట్టిందీ ఆ గురుడే.

అతి విశాలమైన రద్దీ

సినిమాల్లో చూపించినట్టు రాళ్లు ఒకదానికొకటి రాసుకోవు. సగటు ఎడం దాదాపు 10 లక్షల కిలోమీటర్లు. మన చందమామ దూరం 3.84 లక్షలే. 1972 జులైలో పయనీర్ 10 మేఖలలో అడుగుపెట్టింది. ఏం తగులుతుందోనని అందరూ బిక్కుబిక్కుమంటుంటే 1973 ఫిబ్రవరిలో చెక్కుచెదరకుండా అవతల తేలింది.

అతి ఓపికైన యాత్రికుడు: డాన్

ఈ నాసా నౌక 2007 సెప్టెంబరు 27న బయల్దేరింది. గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దీని అయాన్ ఇంజన్‌కు 4 రోజులు కావాలి! అయినా ఏళ్ల తరబడి ఆగకుండా నెట్టి 2011లో వెస్టాను, 2015 మార్చి 6న సీరీస్‌ను చేరింది. భూమిని వదిలాక రెండు వేర్వేరు లోకాల చుట్టూ తిరిగిన తొలి నౌక. మొత్తం ప్రయాణం 690 కోట్ల కిలోమీటర్లు. ఇంధనం అయిపోయి 2018 నవంబరు 1న మూగబోయింది. ఇప్పటికీ సీరీస్ చుట్టూ తిరుగుతూనే ఉంది.

వేటగాళ్లలో మేటి

వెస్టా తర్వాత ఐదోది దొరకడానికి 38 ఏళ్లు పట్టింది. పోస్టాఫీసు ఉద్యోగి కార్ల్ హెంకె 15 ఏళ్లు వెతికి 1845లో ఆస్ట్రేయాను పట్టాడు. చిత్రకారుడు హెర్మన్ గోల్డ్‌ష్మిట్ 1852లో పారిస్‌లో తన ఇంటి బాల్కనీ నుంచే లుటీషియాను చూశాడు. ఫొటోల సాయం లేకుండా టెలిస్కోపులో కంటితోనే చూసి 122 పట్టిన యోహాన్ పలీసాది ఆ పద్ధతిలో తిరుగులేని రికార్డు. 1891లో మాక్స్ వుల్ఫ్ ఫొటో పద్ధతి తెచ్చాడు. 2025 జూన్‌లో రూబిన్ అబ్జర్వేటరీ సుమారు 10 గంటల పరిశీలనలో 2,104 కొత్తవి చూపించింది! నంబరు పొందినవే ఇప్పుడు 8 లక్షలు దాటాయి.

మన వైపు వేట: మద్రాసు

ఆసియా నేల మీంచి దొరికిన తొలి గ్రహశకలం పేరు ఆసియా. 1861 ఏప్రిల్ 17న మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్సన్‌కు చిక్కింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. 1866లో అక్కడే ఆయనకు దొరికిన సిల్వియా 270 కిలోమీటర్ల దిట్ట. దానికి రెండు చందమామలున్నాయని 2005లో తేలి, ముగ్గురున్న తొలి కుటుంబంగా రికార్డుకెక్కింది. 1868 నాటి కమిల్లాకూ రెండే. 1885లో దొరికిన వెరా తర్వాత ఒక శతాబ్దం పైగా వేట ఆగి, 1988లో తమిళనాడులోని కావలూరు నుంచి ఆర్. రాజమోహన్‌కు 4130 దొరికింది. దానికి గణిత మేధావి రామానుజన్ పేరు. 2596వ నంబరుది ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు పేర తిరుగుతోంది. ఆయన తండ్రి పనిచేసింది హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలోనే.

మీరూ చూడొచ్చు

సుమారు 17 నెలలకోసారి వెస్టా భూమికి దగ్గరవుతుంది. ఆ రోజుల్లో ఊరి దీపాలకు దూరంగా వెళ్లండి. మామూలు బైనాక్యులర్స్ చాలు. పంచాంగమో మొబైల్‌లోని నక్షత్రపటమో చూసి చోటు గుర్తుపెట్టుకోండి. రెండు మూడు రాత్రులు వరసగా చూడండి. మిగతా చుక్కలు కదలవు, కదిలేది వెస్టా.